కనకాంబరం సంఘం అధ్యక్షురాలు

నేను పనిచేసిన ఆఫీసు పేరు చెప్పను. జహీరాబాద్‌లో బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయిన ఆఫీసులు చాలానే ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి అనుకోండి. అందులో నాది సంఘాల సెక్షన్. పొదుపు సంఘాలు, యువజన సంఘాలు, వృద్ధుల సంఘాలు. ఊళ్ళో నలుగురు ఒకచోట కూర్చున్నారని తెలిస్తే చాలు, పరుగెత్తుకెళ్ళి వాళ్ళ మెడకో రిజిస్టరు తగిలించడం నా పని. ఆ పని చాలా ఏళ్ళు చేసి, ఈ మధ్యే శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను.

ఇప్పుడు అలాంటి కుర్చీల్లో కొత్తగా కూర్చున్న పిల్లలు ఫోన్ చేసి "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటారు. మంచి అనుభవాలు కావాలంటే నా సన్మానపత్రం ఉంది, ఫోటో తీసి పంపుతాను. దాని ప్రకారం నేను నిస్వార్థ సేవకురాలిని, యువతకు వెలుగుబాటని, ఇంకా ఏదేదో. రాసినాయన నాతో ఒక్కరోజు కూడా పనిచేయలేదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. నేను చెప్పేది అందులో లేని సంగతి.

ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి పైనుంచి వాట్సాప్‌లో ఆదేశం దిగింది. వార్డుకొక యువతుల సంఘం ఉండాలి, సాయంత్రం ఐదింటికల్లా సభ్యుల పేర్లతో సహా ఆన్‌లైన్‌లో ఎక్కాలి. పదకొండింటికి ఆదేశం, ఐదింటికి సంఘం! పెసరట్టుకైనా పప్పు రాత్రే నానబోస్తాం కదా. నేను ఫోన్ పట్టుకుని మా సూపరింటెండెంట్ గారి దగ్గరికి పోయాను. ఆయన సర్వీసు మొత్తం మీద ఏ కాగితం మీదా మొదటి సంతకం పెట్టని మనిషి. ఇంకొకరు పెట్టాక, దాని కింద, కాస్త దూరంగా పెట్టేవారు.

"సార్, ఆరు గంటల్ల సంఘాలు ఎట్ల పుడ్తయి?" అన్నాను.

"అమ్మా, ఐదింటికి లిస్టు పోకపోతే ఆరింటికి మెమో వస్తది. ముంగట పేర్లు పెట్టు. సంఘాలు మెల్లగ పుడ్తయి, ఫికర్ చెయ్యకు," అన్నారు ఆయన చాయ్ తాగుతూ.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. సరే, పేర్లు పెట్టడం మొదలుపెట్టాను. పూల పేర్లయితే ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాను. మల్లె, జాజి, చామంతి, కనకాంబరం... సగం వార్డులు దాటేసరికి నాకు తెలిసిన పూలు అయిపోయాయి. "గోబీపువ్వు గూడ పువ్వే గద అక్కా," అన్నాడు మా అటెండర్. వాడు వేళాకోళానికి అనలేదు, నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు. నేను గులాబీని ఎర్ర గులాబీ, తెల్ల గులాబీ అని రెండు చేసి గట్టెక్కాను.

పేరు పెట్టాక మనుషులు కావాలి. పొదుపు సంఘాల్లో తల్లులు ఇచ్చిన ఇంటి వివరాల కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. వాటిలోంచి పెళ్ళికాని కూతుళ్ళ పేర్లు ఏరి వార్డుల వారీగా పేర్చాను. ప్రతి జాబితాలో మొదటి పేరు అధ్యక్షురాలు, రెండోది కార్యదర్శి. ప్రజాస్వామ్యం అంత వేగంగా నడవడం నేను మళ్ళీ చూడలేదు. తర్వాత సంతకాలు. నాలుగు రంగుల పెన్నులు తెచ్చుకుని, కొందరికి తెలుగులో, కొందరికి ఇంగ్లీషులో, కొందరికి ఎడమకు వాల్చి, కొందరికి కుడికి వాల్చి పెట్టాను. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని చిన్నప్పటినుంచీ పేరు. అది దేనికి పనికొస్తుందో ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఇంకో ఆదేశం. సంఘాలు ఏం చేస్తున్నాయో ఫోటోలు పంపాలట. అటెండర్ నర్సరీ నుంచి ఒక కానుగ మొక్క తెచ్చాడు. ఒక్కటే. దాన్ని ఆటోలో పెట్టుకుని వార్డు వార్డుకూ తిరిగాం. ఎవరో ఇద్దరు ఆడపిల్లల్ని బతిమాలి వెనక్కి తిప్పి నిలబెట్టడం, గుంటలో మొక్క పెట్టడం, ఫోటో తీయడం, మొక్క పీకి ఆటో ఎక్కించడం. సాయంత్రానికి ఆ మొక్క నాలుగు ఆకులతో మిగిలింది. మా ఆఫీసులో అంత ఫీల్డు డ్యూటీ చేసిన ప్రాణి ఇంకొకటి లేదు.

నవ్వండి, నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పి మరీ నవ్వాను.

ఇది జరిగిన కొన్ని నెలలకు ఒక అమ్మాయి నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. పాతికేళ్ళు దాటిన మనిషి. వేళ్ళ సందుల్లో మట్టి మరకలు. పొద్దున అల్లం గోదాంలో గ్రేడింగు పని చేస్తుందట, మధ్యాహ్నం రెండింటికి పని అయిపోతుంది. వాళ్ళ వార్డులో పదకొండు మంది ఆడపిల్లలు కానిస్టేబుల్ పరీక్షకు కలిసి చదువుతున్నారు. ఇన్నాళ్ళూ ఒక టైలరింగ్ షాపు వెనక గదిలో కూర్చునేవారు. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చేసరికి ఆ గదిలోకి మిషన్లు చేరాయి.

"మా వార్డుల కమ్యూనిటీ హాల్ తాళమేసే ఉన్నది మేడమ్. రెండింటికెళ్ళి ఆరింటిదాంక ఇస్తే సాలు. మేమే ఊడ్సుకుంటం, కరెంట్ బిల్లు గూడ మేమే కట్టుకుంటం," అంది.

"ఇంట్ల చదువుకోరాదా బిడ్డా?"

"ఒక్క అర్ర మేడమ్. అండ్లనే పొయ్యి, అండ్లనే మా నాయన టీవీ. ముంగటనే హైవే. లారీల హారన్లకు చదివిందంత మర్సిపోత." మళ్ళీ తనే అంది. "ఇగ నాకు ఇదే ఆఖరు మేడమ్. మల్ల నోటిఫికేషన్ వచ్చేసరికి నా వయసు దాటిపోతది. రెండు నెలలు మంచిగ చదివితే వస్తదని మా సార్ చెప్పిండు."

నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. నా సర్వీసులో మొదటిసారి, ఎవరూ పిలవకుండా, ఎవరూ ఏమీ ఇస్తామనకుండా ఒక సంఘం దానంతట అది పుట్టి నా దగ్గరికి నడిచొచ్చింది. ఆ హాలు తాళంచెవి నా సొరుగులోనే ఉంది. తీసి ఇచ్చి ఉంటే ఆ మధ్యాహ్నమే కథ అయిపోయేది, నేను ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు. కానీ రిజిస్టరయిన సంఘానికే హాలు ఇవ్వాలని నిబంధన. నేను నిబంధనల మనిషిని! సంతకాలు రంగురంగుల పెన్నులతో పెట్టిన మనిషికి తాళంచెవి దగ్గర మాత్రం నిబంధన గుర్తొచ్చింది. "ఐదు నిమిషాలు కూచో, రిజిస్టర్ చేసేస్త," అని కంప్యూటర్ తెరిచాను.

ఆమె పేరు కొట్టగానే ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ వార్డులో సంఘం ఇదివరకే ఉంది. ఈ సభ్యురాలు ఇదివరకే ఉన్నారు. కనకాంబరం యువతుల సంఘం, అధ్యక్షురాలు.

తెర వంక చూశాను, ఆమె వంక చూశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మా అధ్యక్షురాలు నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని చేతి రుమాలుతో చెమట తుడుచుకుంటోంది. తన పదవి సంగతి పాపం ఆమెకే తెలియదు.

"సర్వర్ పని చేస్తలేదు, రేపు రా," అన్నాను. సర్వర్ అనేది లేకపోతే మాలాంటి ఉద్యోగులం ఏమైపోయేవాళ్ళమో.

ఆమె మర్నాడు వచ్చింది, ఆ మర్నాడు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ సర్వర్‌కు జబ్బే. ఈలోగా నేను సూపరింటెండెంట్ గారి గదిలో కూర్చుని కనకాంబరాన్ని రద్దు చేద్దామని బతిమాలాను.

"రద్దు చేస్తే ఎందుకు చేసిన్రని అడుగుతరు," అన్నారు ఆయన. "లేని సంఘమని చెప్తే ఎవరు పుట్టిచ్చిన్రని అడుగుతరు. సంతకాలు ఎవరియి? నీవి. రిటైర్మెంట్ ముంగట నీకు గీ లొల్లి అవసరమా అమ్మా? ఆ పోరినే కనకాంబరం అధ్యక్షురాలు అను. ఉన్నది ఉన్నట్టే అయితది గద."

నా పని కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. రిటైర్మెంటు ఇంకో ఏడాది లోపే. ఆ మాట ఆయన అన్నాక నాకు ఇంకేమీ వినబడలేదు. ఆయన పిరికివాడని ఎప్పుడూ వెక్కిరించేదాన్ని. తీరా నా దాకా వస్తే నేను ఆయన కన్నా రెండాకులు ఎక్కువ చదివాను.

అమ్మాయిని కూర్చోబెట్టి సంగతి చెప్పాను. మొత్తం కాదు, నాకు అనువైనంత. నీ పేరు మీద సంఘం ముందే ఉంది, నువ్వే అధ్యక్షురాలివి, హాలు అప్పగింత కాగితం మీద సంతకం పెడితే సరిపోతుందన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. పెన్ను తీసుకుని తెలుగులో గుండ్రంగా తన పేరు రాసింది. నేను రిజిస్టరు తెరిచి చూసుకున్నాను. నా ఖర్మ, ఆమెకు నేను పెట్టింది ఇంగ్లీషు సంతకం. కింద రెండు మెలికలు, చివర ఒక గీత.

"ఇట్ల కాదు బిడ్డా. ఇగో, ఇట్ల పెట్టాలె," అని రిజిస్టరు చూపించాను.

ఆమె ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. "ఇది నాదా మేడమ్?"

"నీదే."

"నా సంతకం నేనే నేర్సుకోవాల్నా?"

తెల్లకాగితం ఇచ్చాను. ఆ అమ్మాయి చదువుకోవాల్సిన గంటన్నర నా బల్ల మూల కూర్చుని తన సంతకం తాను దిద్దుకుంది. మెలిక దగ్గర తప్పితే నేనే వేలు పట్టి సరిచేశాను. అక్షరాభ్యాసం చేయించిన పంతులమ్మలా అటెండర్ ముందు గర్వపడ్డాను కూడా. సిగ్గులేదు నాకు.

సంతకం కలిసింది, అయినా తాళంచెవి కదలలేదు. జిల్లా నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారు, అదీ కనకాంబరం సంఘాన్ని చూడటానికే. అన్ని సంఘాల ఫైళ్ళూ తిరగేస్తే మా కనకాంబరానిదే శుభ్రంగా ఉందట. సమావేశాల వివరాలు చదివి ముచ్చటపడ్డారట. పడరా మరి, నేను రాశాను కదా! ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఒక సమావేశంలో ఇద్దరు సభ్యులు ప్లాస్టిక్ నిషేధం మీద వాదించుకున్నట్టు కూడా రాశాను. కాస్త రక్తి కట్టాలని.

"తనిఖీ కానియ్యి. అయినంక తాళం ఇయ్యి," అన్నారు సూపరింటెండెంట్ గారు. ఆ మాటే నేను అమ్మాయికి చెప్పాను. సార్ వచ్చినప్పుడు పదకొండు మందీ హాల్లో ఉండాలి, సంఘం ఏం చేసిందంటే ఇది చెప్పాలి అని ఒక కాగితం ఇచ్చాను. మొక్కలు, రక్తదానం, స్వచ్ఛత, ప్లాస్టిక్. ఆమె చదువుకుని మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

"అబద్ధం చెప్తే తాళం ఇస్తరు. గంతే గద మేడమ్?" అంది.

"గట్ల అనకు బిడ్డా," అన్నాను. ఇంకెట్లా అనాలో నాకూ తోచలేదు.

తనిఖీ రోజు హాలు తెరిచాం. ఊడ్చి, కడిగి, అద్దె కుర్చీలు వేశాం. అమ్మాయిలు ఆ గదిలో మొదటిసారి కాలుపెట్టారు. ఫ్యాన్లు వేసి చూసుకున్నారు, కిటికీలు తెరిచి చూసుకున్నారు. ఎవరు ఎక్కడ కూర్చుని చదవాలో అప్పుడే పంచుకోవడం నా చెవిన పడింది. ఒకామె గోడ వైపు కావాలంది, హైవే చప్పుడు తక్కువని.

అధికారి వచ్చారు. మంచి మనిషి, ముందే చెబుతున్నాను. కసురుకోలేదు, కుర్చీ తుడవలేదని అలగలేదు. అమ్మాయిల మధ్యలోనే కూర్చుని "అమ్మా, మీ సంఘం గురించి చెప్పండి" అన్నారు.

మా అధ్యక్షురాలు లేచి నిలబడి గడగడా చెప్పింది. నేను రాసిచ్చిన దానికన్నా బాగా చెప్పింది. మొక్కలు ఎక్కడ నాటారని ఆయన అడిగితే క్షణం కూడా తడుముకోలేదు.

"ఒక్క వార్డు గూడ ఇడ్శిపెట్టలే సార్."

అది మాత్రం అక్షరాలా నిజం. వెనకాల అటెండర్‌కు దగ్గొచ్చింది, బయటికి పరుగెత్తాడు. ఆ సంగతి ఈమెకెలా తెలిసిందంటారా? కానుగ మొక్క యాత్ర ఊళ్ళో తెలియనిదెవరికి!

అధికారి మురిసిపోయారు. "ఇంత చేసిన మీకు మేమేం చేయాలో చెప్పండి" అన్నారు. నేను రాసిచ్చిన కాగితంలో ఆ ప్రశ్న లేదు.

"ఈ హాల్ తాళం గావాలె సార్," అంది ఆమె. "రోజు నాలుగు గంటలు సాలు. పరీక్ష ఉన్నది. చదువుకుంటం. ఇంకేం వద్దు సార్."

ఆయన పెద్దగా నవ్వారు. "ఇంతేనా? ఇంత మంచి సంఘానికి ఉత్త తాళంచెవి ఇచ్చి సరిపెడతామా?" అని మా వైపు తిరిగారు. ఈ హాలును ఆదర్శ యువతీ కేంద్రంగా మార్చాలి. కొత్త కుర్చీలు, బల్లలు, క్యారమ్ బోర్డు, గోడలకు బొమ్మలు. పెద్దలను పిలిచి ప్రారంభోత్సవం చేయాలి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అమ్మాయిలు కొట్టారు గానీ మా అధ్యక్షురాలు చేతులు కట్టుకుని నిలబడే ఉంది. ఆ గదిలో అప్పుడు ఏం జరిగిందో అర్థమైన మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడే హాలుకు కొత్త తాళం పడింది. చెవి రంగులు వేసే కాంట్రాక్టర్ దగ్గరికి పోయింది. గోడల మీద ఎగురుతున్న పావురాలు, పుస్తకం చదువుతున్న ఆడపిల్ల వచ్చాయి. కుర్చీలు వచ్చాయి, ప్లాస్టిక్ కవర్లతో సహా లోపల పేర్చి పెట్టారు. ప్రారంభోత్సవం దాకా ఎవరూ లోపలికి పోకూడదని కాగితం వచ్చింది. ఆ మాట కూడా నా దస్తూరితోనే రాసి తలుపుకు అతికించాం. ప్రారంభోత్సవం ఒక శుక్రవారం అన్నారు, పెద్దలకు కుదరలేదు. ఇంకో శుక్రవారం అన్నారు, అప్పుడూ కుదరలేదు.

అమ్మాయిలు హాలు మెట్ల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టారు. ఎండ వస్తే ఆ చివరికి, నీడ జరిగితే ఈ చివరికి. వారం గడిచాక కాంట్రాక్టర్ ఫిర్యాదు చేశాడు, మెట్ల దగ్గర గోడ మాసిపోతోందని. వాళ్ళను లేపి పంపమని సూపరింటెండెంట్ గారు నన్నే పంపారు.

పోయాను. పోయి, ఆ గోడ మీది బొమ్మ పక్కన నిలబడి, "ఇక్కడ కూసోవద్దంట బిడ్డా" అన్నాను. పదకొండు మందీ పుస్తకాలు మూశారు. గోడ మీద బొమ్మ ఒక్కటే చదువుతూ ఉండిపోయింది.

"అధ్యక్షురాలు గూడ కూసోవద్దా మేడమ్?" అంది ఆమె, చెప్పులు వేసుకుంటూ.

ఆ తర్వాత వాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఒకరిద్దరు కోహీర్‌లో చుట్టాలింటికి పోయి చదువుకున్నారు. ఒకామె హైదరాబాద్ కోచింగ్‌కు పోయింది, ఆమెకు ఉద్యోగం వచ్చింది. మా అధ్యక్షురాలు మాత్రం గోదాంలోనే, పని అయ్యాక బస్తాల మధ్య కూర్చుని చదివిందని విన్నాను. పరీక్ష రాసింది. కొద్ది మార్కుల్లో పోయింది. ఆ ఏటితో ఆమె వయసూ దాటిపోయింది.

పరీక్ష అయిన కొన్నాళ్ళకు పెద్దలకు తీరిక దొరికి ప్రారంభోత్సవం జరిగింది. కత్తెర పళ్ళెం పట్టుకోవడానికి అధ్యక్షురాలికి కబురు పెడితే రాలేదు. ఆమె బదులు ఇంకో అమ్మాయిని నిలబెట్టాం. ఫోటోలో ఎవరైతేనేం! తర్వాత నా పదవీ విరమణ సన్మానం కూడా ఆ హాల్లోనే చేశారు. కొత్త కుర్చీలు, కవర్లు తీయలేదు. కూర్చున్న ప్రతివాడూ కదిలినప్పుడల్లా కరకరమని చప్పుడు. యువతకు నేను చేసిన సేవ గురించి సూపరింటెండెంట్ గారు మాట్లాడుతుంటే ఆ చప్పుడే నాకు మేలనిపించింది.

కొత్త పిల్లలూ, మీకు నీతి చెప్పను. అవినీతి చేసినవాళ్ళయినా కాస్త జంకుతారేమో, నేను ఒక్క పైసా తినకుండా ఈ పని చేశాను కాబట్టి తల ఎత్తుకుని తిరిగాను. అదే నా మీద నాకు ఎక్కువ కోపం.

మొన్న అల్లం కోసం మార్కెట్‌కు పోతే ఆమె కనబడింది. గోదాం ముందు తూకం దగ్గర నిలబడి చీటీలు రాస్తోంది. నన్ను చూసి నవ్వింది, స్టూలు జరిపింది, చాయ్ చెప్తానంది. ఆ మర్యాద తట్టుకోవడం నా వల్ల కాలేదు. అక్కడే, తూకం మనిషి వింటున్నా సరే, అంతా చెప్పేశాను. సంఘం నేను పుట్టించిందేనని, సంతకం నేను పెట్టిందేనని, మొదటిరోజు తాళంచెవి నా సొరుగులోనే ఉందని, నా పింఛనుకు ఏమవుతుందోనని భయపడ్డానని.

"నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా," అన్నాను.

ఆమె చీటీ రాయడం ఆపలేదు. రాస్తున్నది పూర్తిచేసి, చింపి తూకం మనిషి చేతిలో పెట్టింది.

"నేనొక్కదాన్నే ఎట్ల మాఫ్ చేస్త మేడమ్? సంఘంల తీర్మానం గావాలె గద," అంది నవ్వుతూనే. "మీరే రాసుకోన్రి. సంతకం గూడ మీరే పెట్టుకోన్రి. నాకు ఇప్పుడు పనున్నది."